మాడిందా, మాడ్చినారా?

తెలుగాయన: ఒక పని తన వంతు కోసం కాచుకొని ఉంటే దానికి స్టార్వేషన్ అని పేరు పెట్టినవాడెవడో గానీ, వాడు ఒక్క పూట కూడా పస్తు పడుకొని ఉండడు. నువ్వేమో దాన్ని తెచ్చి అనంతపురంలో, చెనక్కాయ పైరు నిలువునా మాడడం కళ్ళారా చూసిన పిల్లలకు పాఠం చెప్తున్నావు. నీకు నోరెట్లా వస్తుంది నాయనా?

కంప్యూటరాయన: సిలబస్‌లో ఉంది సార్. కానీ నేను సిలబస్ చాటున దాక్కోను, ఆ మాటను సమర్థిస్తాను. ముందు దాని అర్థం వినండి. ప్రాసెసర్ ఒకటి ఉంటుంది, దాని కోసం కాచుకున్న పనులు బోలెడుంటాయి. ఎవరి తర్వాత ఎవరు అని తేల్చేదాన్ని షెడ్యూలర్ అంటాం. మన చెరువు కింద నీళ్ళు పంచే నీరుగంటి లాంటిది అనుకోండి. ముఖ్యమైన పనికి ముందు, మామూలు పనికి తర్వాత అని దానికి చెప్పిపెడతాం. ముఖ్యమైన పనులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటే, మామూలు పనికి ఎప్పటికీ వంతు రాదు. అదీ స్టార్వేషన్. ప్రాసెసర్ లేక కాదు సార్. అది ఉంది, తిరుగుతోంది, పక్కవాళ్ళ పనులన్నీ చకచకా చేసిపెడుతోంది. ఈ ఒక్కదానికే అందడం లేదు. డెడ్‌లాక్ అని ఇంకో జబ్బు ఉంది. ఇరుకు సందులో రెండు ఎద్దులబండ్లు ఎదురుపడి, నువ్వు వెనక్కి పో అంటే నువ్వు పో అని నిలబడిపోవడం. అప్పుడు ఎవరూ కదలరు కాబట్టి ఊరందరికీ తెలుస్తుంది. స్టార్వేషన్ అట్లా కాదు. బయటి నుంచి చూస్తే యంత్రం బ్రహ్మాండంగా నడుస్తుంటుంది. గంటకు ఎన్ని పనులు తెమిలినాయో లెక్క తీస్తే అదీ బాగానే ఉంటుంది. లోపల ఒకడు మాత్రం అట్లే కూర్చొని ఉంటాడు.

తెలుగాయన: ఒకడు అంటున్నావు. అది పని గదా. దానికి కడుపు లేదు.

కంప్యూటరాయన: లేదు. ఒప్పుకుంటా.

తెలుగాయన: ఒప్పుకున్నావు కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు నేను చెప్తా. ఇంగ్లీషులో స్టార్వ్ అనే క్రియకు మొదట ఆకలితో సంబంధమే లేదు. పాత ఇంగ్లీషులో స్టియోర్ఫాన్ అంటే చావడం, అంతే. జర్మన్‌లో ఈ పొద్దుటికీ ష్టెర్బెన్ అంటే చావడమే. జబ్బుతో చచ్చినా అదే, చలికి చచ్చినా అదే. ఉత్తర ఇంగ్లండు పల్లెల్లో చలికి కొయ్యబారినవాడు కూడా ఆ మాటే వాడేవాడు. రానురాను అది ఆకలిచావుకు కుదించుకుపోయింది. ఆ తర్వాత చావు కూడా రాలిపోయి, భోజనం గంట ఆలస్యమైనవాడు కూడా స్టార్వింగ్ అన్నాడు. ఇప్పుడు మీవాళ్ళు ఆకలిని కూడా తీసేసినారు. చావు పోయె, ఆకలి పోయె, క్యూ మిగిలె.

ఇంక ఆ తోక. ఏషన్ అనేది లాటిన్‌ది. ఇంటి మాటకు పరాయి తోక అతికించినారు. మన వ్యాకరణంలో వైరిసమాసాన్ని చూసినట్టు చూసే సరుకు అది. 1775లో హెన్రీ డండాస్ అనే స్కాట్లండు నాయకుడు బ్రిటిష్ పార్లమెంటులో ఆ మాట వాడినాడు. అమెరికా వలసల వర్తకాన్నీ చేపలవేటనూ కట్టడి చేసే బిల్లు మీద చర్చ అది. విన్నవాళ్ళకు ఎంత వింతగా తోచిందంటే ఆయనకు స్టార్వేషన్ డండాస్ అని మారుపేరే పడిపోయింది. అదే డండాస్ 1793 నుంచి 1801 దాకా ఇండియా వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కు అధ్యక్షుడు. మన సీమను నిజాం కంపెనీకి రాసిచ్చింది ఎప్పుడు? 1800లో. స్టార్వేషన్ మారుపేరుగా ఉన్న పెద్దమనిషి లండన్‌లో కుర్చీలో ఉండగా మనం దత్తం పోయినాం. ఇది నేను కట్టిన కథ కాదు, తేదీలు అట్లా పడినాయి.

కంప్యూటరాయన: ఇది నాకు తెలీదు సార్, రేపు క్లాసులో చెప్పుకుంటా. కానీ మీ కథలోనే నా వాదన ఉంది. ఆ చర్చ వానలు పడక వచ్చే ఆకలి గురించి కాదు. వర్తకం ఆపి, వేట ఆపి మనుషుల్ని దారికి తెచ్చుకోవడం గురించి. సముద్రంలో చేపలు ఉన్నాయి, పట్టుకోనివ్వరు. అంటే ఆ మాటకు పేరు వచ్చిన రోజే దాని పక్కన ఒక అధికారం నిలబడి ఉంది, ఎవరికి అందాలో ఎవరికి అందకూడదో తేల్చేది. కంప్యూటర్‌వాళ్ళు దాన్ని సరిగ్గా ఆ చోటే పట్టుకున్నారు.

1965లో డైక్‌స్ట్రా అనే డచ్చాయన ఒక పరిష్కారం అచ్చువేసినాడు. ఒకే వస్తువును చాలామంది పంచుకోవాలి, ఒకసారికి ఒక్కరే వాడాలి, ఎవరూ ఒకరినొకరు తొక్కుకోకూడదు. ఆయన పద్ధతిలో అందరూ కలిసి ఆగిపోయే ప్రమాదం లేదు. మరుసటేడే డొనాల్డ్ క్నూత్ ఒక చిన్న లేఖ రాసి తప్పు పట్టినాడు. అందరూ ఆగిపోరు సరే, ఒక్కడిని మాత్రం మిగతావాళ్ళు ఎప్పటికీ దాటిపోతూ ఉండే వీలు ఇందులో ఉంది గదా అని. నాకు ఆ లేఖ చాలా ఇష్టం సార్. గుంపు బాగుంటే చాలదు, ఆ గుంపులో ప్రతి ఒక్కడికీ వంతు వస్తుందని రుజువు చూపించు అని అడగడం అది. లెక్కల భాషలో అడిగినాడు, అంతే తేడా.

తెలుగాయన: ఆ డైక్‌స్ట్రా పెట్టిన భోజనాల లెక్క ఒకటి ఉంది గదా, తత్త్వవేత్తలది.

కంప్యూటరాయన: మీకెట్లా తెలుసు?

తెలుగాయన: మా మనవరాలు చదువుతుంటే విన్నా. గుండ్రటి బల్ల, చుట్టూ ఐదుగురు తత్త్వవేత్తలు, ముందర పళ్ళెం నిండా నూడుల్స్ లాంటి తిండి. ఫోర్కులు మాత్రం ఐదే. తినాలంటే ఒక్కొక్కరికి రెండు కావాలి, కుడిపక్కది, ఎడమపక్కది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు వంతులేసుకొని తింటూ ఉంటే నడిమివాడికి రెండూ ఒకేసారి ఖాళీగా దొరకవు. వాడు పస్తు. నేనేమన్నానంటే, చేత్తో సంగటి ముద్ద తినేవాళ్ళకు ఈ బాధే లేదు గదే అన్నా. ఆ పిల్ల నవ్వింది గానీ నేను నవ్వలాటకు అనలేదు. ఆ బల్ల మీద తిండికి కొదవ లేదు, కొదవంతా పనిముట్టుకే. పళ్ళెం నిండా పెట్టుకొని ఆకలి గురించి లెక్కలు వేయడం నిండిన కడుపులకే చేతనవుతుంది.

కంప్యూటరాయన: మొదట అది తిండి లెక్క కూడా కాదు సార్. పరీక్షలో ఇచ్చిన ప్రశ్న. ఐదు కంప్యూటర్లు టేపు డ్రైవుల కోసం పోటీపడడం. దాన్ని జ్ఞాపకం ఉండేట్టు చెప్పడానికి భోజనం బల్ల తెచ్చినారు. ఉపమానం తప్పంటే సాహిత్యమే ఉండదు, ఆ మాట మీకు నేను చెప్పాలా?

తెలుగాయన: ఉపమానం తప్పనలేదు. ఉపమానానికి అరిగిపోయే గుణం ఉందంటున్నా. మీ పుస్తకాల్లో పిల్ల ప్రాసెస్, అనాథ ప్రాసెస్, చంపు అనే ఆజ్ఞ, అన్నీ ఉన్నాయంట గదా. మొదటి రోజు పిల్లలు నవ్వుతారు, రెండో వారానికి అవేమీ వినపడవు. అట్లే స్టార్వేషన్ కూడా వినపడకుండా పోతుంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఉద్యోగానికి పోయి, రోజుకు పదిసార్లు ఆ మాట వాడేవాడికి, ముప్పై ఏళ్ళప్పుడు పేపర్లో అదే మాట కనిపిస్తే ఏమి తగులుతుంది?

కంప్యూటరాయన: ఒకటి అడుగుతా, కోపగించుకోకండి. మీరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జీతం కాగితంలో కరువు భత్యం అని ఒక వరస ఉండేది గదా?

తెలుగాయన: ఉండేది.

కంప్యూటరాయన: ఉల్లిగడ్డల ధర పెరిగితే ఇచ్చే డబ్బుకు కరువు అనే మాట పెట్టుకున్నాం. రెండు శాతం పెంచినారు, బకాయిలు ఇవ్వలేదు అని ధర్నాలు చేసినాం. కరువు మండలంలో కూర్చొని కరువు భత్యం తీసుకున్నప్పుడు ఎవరి చెవీ ఉలిక్కిపడలేదు. మన ఇంట్లోనే మాట అట్లా అరిగిపోతే, అమెరికావాడి మాట మీద మాత్రం ఎందుకింత పట్టింపు?

తెలుగాయన: ... దెబ్బ తగిలింది. ఒప్పుకుంటా. ఇంకో మాట కూడా నీ వైపే చెప్తా, తీసుకో. మన కరువు అనే మాట మొదటి నుంచీ సంచి లాంటిది. వాన పడకపోయినా కరువే, గింజ దొరక్కపోయినా కరువే, మనుషులు చచ్చినా కరువే, మాటామంతీ లేకపోయినా పలకరింపుకు కరువే. ఇంగ్లీషువాడు డ్రౌట్, ఫామిన్, స్టార్వేషన్ అని మూడు గదులు కట్టుకున్నాడు. మనకు ఒకటే గది. అనావృష్టి, క్షామం అని సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి ఆఫీసు కాగితాల్లో ఉంటాయి గానీ, రచ్చబండ దగ్గర ఎవరూ అనరు. ఒక్క మాటలో అన్నీ ఉండడం వల్ల మనకు నష్టం కూడా జరిగింది. వాన పడలేదు అనడంతో కథ ముగిసిపోతుంది. దేవుడి మీదికి తోసేస్తాం.

కంప్యూటరాయన: సరిగ్గా నేను చెప్పాలనుకున్నది అదే! నా స్టార్వేషన్‌లో వానకు చోటే లేదు. తప్పు పంచేవాడిదే.

తెలుగాయన: తొందరపడొద్దు. అక్కడే నాకు నీ మాటతో అసలు తగాదా. తెలుగులో పైరు మాడింది అంటాం, కడుపు మాడింది అంటాం. ఎవరో చేసినారనుకో, అప్పుడు మాడ్చినారు అంటాం. మాడు, మాడ్చు. ఒకటి దానంతటది జరిగింది, ఇంకొకటి ఒకడు చేసింది. క్రియలోనే తేడా తెలిసిపోతుంది, దాచడానికి వీల్లేదు. ఇంగ్లీషు స్టార్వ్‌కు ఆ తేడా లేదు. అతడు స్టార్వ్ అయినాడు అన్నా అదే, అతణ్ణి స్టార్వ్ చేసినారు అన్నా అదే క్రియ. దాన్ని నామవాచకం చేసినప్పుడు ఆ కొంచెం ఆనవాలూ చెరిగిపోయింది. స్టార్వేషన్ జరిగింది అంటారు. ఎవరికి జరిగింది, ఎవరు చేసినారు? తెలీదు. తప్పు పంచేవాడిదే అంటున్నావు, నీ మాట మాత్రం పంచేవాణ్ణి కాపాడుతోంది. ఇప్పుడు చెప్పు, నీ క్యూలో ఆ పని మాడిందా, మాడ్చినారా?

కంప్యూటరాయన: కొంచెం ఆలోచించుకోనివ్వండి.

షెడ్యూలర్‌కు పగ లేదు సార్. ఫలానావాడికి ఇవ్వొద్దు అని దాంట్లో ఎక్కడా రాసి ఉండదు. ముఖ్యమైనవాళ్ళకు ముందు ఇవ్వు అని మాత్రమే రాసి ఉంటుంది. రాసినవాడు మంచివాడే, అతనికి ఈ పని ఉందనే తెలీదు. అయినా ఫలితం మాడ్చడమే. చేసినవాడు లేకుండా చేసిన పని. దానికి మీ రెండు క్రియలూ చాలవు. మీ వ్యాకరణంలో ఆ గది లేదు, అందుకే మాకు ఆ తలాతోకా లేని నామవాచకం కావాల్సి వచ్చింది. ఈ కాలం అన్యాయాల్లో చాలా భాగం ఇట్లాంటివే గదా. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడదు. డీలరు తప్పా? యంత్రం తప్పా? రూలు రాసిన ఆఫీసరు తప్పా? ఎవరూ మాడ్చలేదు, ముసలామె సంచీ మాత్రం ఖాళీగా ఇంటికి పోయింది.

తెలుగాయన: రూలు రాసినవాడు ఉన్నాడు గదా. మంచివాడు కావడం జవాబు కాదు. ధాత కరువు సంగతి తీసుకో. 1876, 77. పోషించేవాడి పేరున్న సంవత్సరంలో మొదలై, ఈశ్వర నామ సంవత్సరంలోకి పాకింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882 దాకా మనం బళ్ళారిలోనే ఉన్నాం. గుత్తి మీదుగా మద్రాసు నుంచి బొంబాయికి రైలు 1871కే నడుస్తోంది. గింజలు రైల్లో వచ్చినాయి. కొనడానికి డబ్బుల్లేవు. అదే కాలంలో ఈ దేశం నుంచి గోధుమలు ఇంగ్లండుకు ఓడలెక్కినాయి. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ అనే దొర, కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు, ఆ కూలితో కష్టం చేసే మనిషి బతకడు అని ఎదురు రాసినాడు. దక్షిణాదిలో ఆ కరువుకు లక్షల్లో పోయినారు. టెంపుల్‌కు ఎవరి మీదా పగ లేదు, ఖజానా కాపాడుతున్నానని అనుకున్నాడు. నీ షెడ్యూలర్ లాంటివాడే. మరి మాడ్చినాడా లేదా?

కంప్యూటరాయన: మాడ్చినాడు.

తెలుగాయన: అయితే నీ మూడో గదికి అద్దెకు వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

కంప్యూటరాయన: ఉన్నారు సార్, ఒక్క నిమిషం. మీరు చెప్పిన ధాత కరువును అర్థం చేసుకోవడానికి లోకానికి వందేళ్ళు పట్టింది. అమర్త్య సేన్ 1981లో పుస్తకం రాసి, 1943 బెంగాల్ కరువు మొదలుకొని లెక్కలు విప్పి చూపించినాడు. తిండి లేకపోవడం వేరు, ఉన్న తిండి ఒకరికి అందకపోవడం వేరు అని. ఆకలిచావుకు రెండోదే చాలు అని. మా పాఠ్యపుస్తకాలు స్టార్వేషన్ అని నిర్వచించేది ఆ రెండోదాన్నే. అర్థశాస్త్రం అక్కడికి చేరేలోపే, తెలిసో తెలీకో, యంత్రాల దగ్గర కూర్చున్నవాళ్ళు ఆ మాటను అట్లా వాడేస్తున్నారు. నన్నడిగితే ఆ మాట అర్థం వాళ్ళ చేతిలో పలచబడలేదు, తేటపడింది. వాన, దేవుడు, కర్మ, సోమరితనం అన్నీ కడిగేస్తే అడుగున మిగిలింది వంతు. దాన్ని కరువు సీమ పిల్లవాడు నేర్చుకోవడం అవమానం ఎట్లా అవుతుంది? వాడి తండ్రికి ఎవరూ చెప్పని సంగతి అది.

తెలుగాయన: బాగా చెప్పినావు. ఇంతవరకూ నువ్వు చెప్పినదాంట్లో ఇదే గట్టిది. మరి మందు ఏమిటి?

కంప్యూటరాయన: ఏజింగ్ అంటారు. కాచుకున్న కొద్దీ వయసు పెంచడం. ప్రాధాన్యం 127 నుంచి 0 దాకా ఉందనుకోండి, 0 అన్నిటికన్నా ముందు. అట్టడుగున 127లో ఉన్న పనికి ప్రతి 15 నిమిషాలకూ ఒక మెట్టు ఎక్కిస్తాం. ఎంత దిక్కులేనిదైనా 32 గంటల్లోపు పైమెట్టుకు చేరుతుంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు, సిఫారసు అక్కర్లేదు. కాచుకోవడమే దాని అర్హత. డైనోసార్ల బొమ్మ అట్టతో వచ్చే మా పాఠ్యపుస్తకంలోది ఈ లెక్క. పక్కనే ఒక కథ కూడా ఉంది, పుకారు అని వాళ్ళే రాసుకున్నారు. 1973లో ఎంఐటీలో ఐబీఎం 7094 యంత్రాన్ని ఆపేస్తుంటే, 1967లో ఇచ్చిన ఒక పని ఇంకా వంతు కోసం కాచుకొని కనబడిందంట.

తెలుగాయన: ఆరేళ్ళు.

కంప్యూటరాయన: ఆరేళ్ళు.

తెలుగాయన: కనబడినప్పుడు ఎట్లా ఉండింది?

కంప్యూటరాయన: అంటే?

తెలుగాయన: చిక్కిపోయిందా? ఇప్పుడు నీ వంతు, రా అంటే లేచి నడిచే స్థితిలో ఉండిందా?

కంప్యూటరాయన: ... ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది సార్. నడిపిస్తే నడుస్తుంది.

తెలుగాయన: చూసినావా. ఆరేళ్ళ పస్తు తర్వాత ఒక్క రవ్వ కూడా తగ్గని దానికి ఆ పేరు. నా తగాదా కడుపు లేదని కాదు నాయనా, గడువు లేదని. కడుపుకు గడువు ఉంది. 1952లో మన సీమలో గంజి కేంద్రాలు పెట్టినారు, సైన్యం వచ్చి బావుల్లో పూడిక తీసింది. మా అమ్మ అప్పటికి చిన్నది. గంజికి వరసలో నిలబడేది. వరస న్యాయంగానే ఉండేదంట, ముందొచ్చినవాళ్ళు ముందు, ఎవరూ ఎవరినీ తోసేది లేదు. కానీ తన వంతు వచ్చేసరికి కాగు అడుగు కనబడేది. నీ ప్రాసెసర్‌కు ప్రతి క్షణమూ కొత్త క్షణం పుడుతుంది, ఎంత తోడినా తరగదు. కాబట్టి కాచుకున్నవాడికి ఎప్పటికైనా అందించొచ్చు. కాగు అట్లా కాదు. చెరువూ అట్లా కాదు. చివరి మడి రైతుకు నలభై రోజులకు నీళ్ళు ఇస్తానంటే ఆ నీళ్ళు గడ్డికి. అదను దాటితే నీళ్ళొచ్చినా కరువే.

నీరుగంటి పేరు ఎత్తినావు గదా. నీళ్ళు చాలని ఏడు కొన్ని ఊళ్ళలో ఏమి చేసేవాళ్ళో తెలుసా? వరస మార్చడం కాదు. చివరి మడులన్నీ బీడు పెట్టేసి, తూము దగ్గరి భూమి మాత్రమే నాటి, ఆ భూమినే అందరికీ దామాషాగా పంచుకునేవాళ్ళు. తూము పక్కన ఉన్న ఆసామి తన మడిని ఆ ఒక్క పంటకు చివరివాడితో పంచుకోవాలి. వయసు పెంచి మెట్లెక్కించడం కాదది, మెట్లే పీకేయడం. అన్ని ఊళ్ళూ చేయలేదు, చేసిన ఊళ్ళలో కొట్లాటలు లేకుండానూ జరగలేదు. నీ పుస్తకంలో ఆ మందు ఉందా?

కంప్యూటరాయన: ఉన్నవాళ్ళందరికీ తలా కొంచెం ఇచ్చే పద్ధతులు ఉన్నాయి. కానీ మీరన్నట్టు, కాలం తరగని సరుకు అనే నమ్మకం మీదే అవన్నీ నిలబడతాయి. అది ఒప్పుకోవాల్సిందే. గడువు సంగతి మాత్రం మాకు పూర్తిగా తెలీకపోలేదు. రియల్ టైమ్ అని ఒక శాఖ ఉంది, అందులో ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు కూడా తప్పు జవాబే. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌక ఊరికే తనంతట తాను మొదటికొచ్చి మళ్ళీ మొదలవుతుండేది. వెతికితే ఏమి తేలిందంటే, అన్నిటికన్నా ముఖ్యమైన పని ఒక చిన్నపని చేతిలోని తాళం కోసం కాచుకొని ఉంది, ఆ చిన్నపనికి వంతు రానీకుండా మధ్యతరగతి పనులు దూరుతున్నాయి. గడువు దాటేసరికి కాపలా ప్రోగ్రామ్ మొత్తాన్నీ ఆపి మొదలుపెడుతోంది. చిన్నవాడిని పస్తు పెడితే పెద్దవాడూ పస్తే అని అంగారకుడి దాకా పోయి తెలుసుకున్నారు.

తెలుగాయన: ఆ కథ బాగుంది. అయితే మనిషి ఆకలి సంగతికి దగ్గరగా ఉండే మాట మీ దగ్గర స్టార్వేషన్ కాదు, గడువు తప్పడం.

కంప్యూటరాయన: అవును. అంతవరకూ వెనక్కి తగ్గుతా. కానీ మాటను పూర్తిగా వదలమంటే వదలను. ఎందుకంటే ఆ మాటను వదిలించుకోవాలనే తొందర ఎవరికి ఉంటుందో చూడండి. మహారాష్ట్రలో 1963లో ఒక చట్టం చేసినారు, తమ చట్టాల్లో ఫామిన్ అనే మాట ఎక్కడున్నా తీసేయడానికి. చట్టం పేరే అది. మాట పోతే కరువు పోయిందా? 1972లో అక్కడ ఎంత పెద్ద కరువు వచ్చిందో మీకు తెలుసు. మన దగ్గరా అంతే. అప్పులపాలై పురుగుమందు తాగిన రైతు ఆకలిచావు లెక్కలోకి రాడు. కాగితాల మీద ఆ మాట ఉండకూడదని అందరూ కోరుకునే చోట, కనీసం కంప్యూటర్ క్లాసులో అయినా అది గట్టిగా వినబడుతోంది, ఐదు మార్కుల ప్రశ్నగా వస్తోంది. మీరు దాన్నీ తీసేయమంటున్నారు.

తెలుగాయన: తీసేయమనలేదు. తెలుగులో చెప్పమంటున్నా. చిలుకూరి నారాయణరావు గారు ఈ ఊరి దత్తమండల కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి. 1928లో నంద్యాల సభలో, దత్తమండలం అనే ఇచ్చిపారేసిన పేరు మనకెందుకు, రాయలసీమ అందాం అన్నాడు.

కంప్యూటరాయన: పేరు మారినాక వాన ఎక్కువ పడిందా సార్?

తెలుగాయన: లేదు. కానీ దానం పోయినవాళ్ళం కాదు అని మనకు అనిపించింది. అదేమీ చిన్న సంగతి కాదు. నువ్వు ఆ పని చెయ్. నీ స్టార్వేషన్‌కు తెలుగులో ఏమంటావు?

కంప్యూటరాయన: వంతుకరువు అనుకున్నా. రెండూ మన మాటలే. వాన కరువు కాదు, గింజ కరువు కాదు, వంతుకు కరువు.

తెలుగాయన: వినడానికి బాగానే ఉంది. కానీ మళ్ళీ కరువు అన్నావు, మళ్ళీ దేవుడి మీదికి పోతుంది. వంతు ఎగవేత అను. ఎగవేత అంటే ఎగ్గొట్టినవాడు ఒకడున్నాడని తెలుస్తుంది.

కంప్యూటరాయన: ఎగవేత అంటే అప్పు ఎగ్గొట్టిన దొంగ గుర్తొస్తాడు సార్. షెడ్యూలర్ దొంగ కాదు. దొంగను వెతకమని చెప్తే పిల్లవాడు రూలు చదవడం మానేస్తాడు. రూలు సక్కగా అమలు చేసినా ఇట్లా జరుగుతుంది, అదే వాడికి తెలియాల్సింది.

తెలుగాయన: రూలు రాసినవాడు ఒకడుంటాడని తెలియకపోతే తెలిసి ఏమి లాభం?

కంప్యూటరాయన: మనం ఇక్కడికి ఇందాక కూడా వచ్చినాం.

తెలుగాయన: వచ్చినాం. నేను కదల్లేదు.

కంప్యూటరాయన: నేనూ. ... ఒకటి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. మొన్న మిడ్ పరీక్షలో స్టార్వేషన్ నిర్వచించి ఉదాహరణ ఇవ్వమని అడిగినా. ఒక పిల్లవాడు, ఏదో పల్లె నుంచి వస్తాడు, వాడు పుస్తకంలోది రాయలేదు. మా చెరువు మరవ పారిన ఏడు కూడా మా మడికి నీళ్ళు రాలేదు, తూము దగ్గరివాళ్ళు రెండో తడి పెట్టుకుంటుండిరి అని రాసినాడు. ఇంగ్లీషు తప్పులే. నీళ్ళు లేకపోవడం స్టార్వేషన్ కాదు, నీళ్ళు ఉండి రాకపోవడం స్టార్వేషన్ అని చివర్లో ఒక వాక్యం.

తెలుగాయన: ఐదుకు ఎన్ని వేసినావు?

కంప్యూటరాయన: మూడు.

తెలుగాయన: ఎందుకు?

కంప్యూటరాయన: ప్రయారిటీ అనే మాట రాయలేదు. ఏజింగ్ రాయలేదు. కీలో ఆ రెంటికీ చెరొక మార్కు ఉంది.

తెలుగాయన: కీ ఎవరు తయారు చేసినారు?

కంప్యూటరాయన: నేనే.

తెలుగాయన: ఆ రెండు మార్కులూ ఇప్పుడు వేయొచ్చు గదా.

కంప్యూటరాయన: మార్కులు ఎక్కించే గడువు శనివారంతో అయిపోయింది సార్.